ఐదువందల నలభై మూడేళ్ళ తేడా

జూన్ 9

పెట్టె దొరికింది. తవిన్ దొరకలేదు.

పొద్దున్న డైవర్లు దాన్ని తెచ్చి మా సముద్ర పరిశోధన స్టేషన్ మెట్ల మీద పెట్టారు. సముద్రపు ఆవుల కూతలు వినడానికి ఫిబ్రవరిలో మా ఆయన తవిన్ తన చేతులతో అవి గడ్డి మేసే చోట నీళ్ళలోకి దించిన రికార్డరు. దీన్ని పైకి తీయడానికే మే ఇరవై ఒకటిన పడవ నడిపే దోలాని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఎవరిదో పీతల వల దాని చుట్టూ చుట్టుకుపోయి ఉంది. వల సగం కోసి ఉంది. కోత నున్నగా ఉంది. తన కత్తికి ఎప్పుడూ పదునుంటుంది, వంటింట్లో నా కత్తే మొద్దు.

మా స్టేషన్ పెద్ద క్రియాంగ్ గారు మెట్ల మీదే నిలబడి, "నువ్వు ఇంటికెళ్ళమ్మా జింతనా. దీని సంగతి మేం చూసుకుంటాం" అన్నారు.

"ఇందులో ఉన్నది చదవడం ఇక్కడ నాకు తప్ప ఎవరికొచ్చండీ?" అన్నాను.

ఆయన పక్కకి తప్పుకున్నారు. నాచు కడిగి, తుడిచి, మూత విప్పి లోపలి కార్డు తీశాను. చుక్క తడి లేదు. తవిన్ బిగించిన మూత అంటే అంతే.

జూన్ 10

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. రాస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం మసీదు మైకులో తుఫాను హెచ్చరిక చదివారు. చదవడం పూర్తికాకముందే ఫోన్ చేశాను. "బయల్దేరాం, పులుపు కూర వేడి చేసి ఉంచు" అన్నాడు తవిన్. వేడి చేశాను. చల్లారింది. మళ్ళీ వేడి చేశాను. సాయంత్రానికి రేవులో కొబ్బరి చెట్లు నేలకి వంగిపోయాయి. మర్నాడు పడవ బోర్లాపడి దొరికింది. మూడో రోజు దోలా దొరికాడు, లిబోంగ్ దీవిలో వాళ్ళ మసీదు వెనక పాతిపెట్టారు.

బయల్దేరామని చెప్పినవాడు బయల్దేరే ఉంటాడు. దారిలో గాలి అందుకుంది. ఇందులో తర్కం చెయ్యడానికి ఏముంది?

ఊళ్ళో మాత్రం వేరే కథ నడుస్తోంది. ఇవాళ రేవుకి వెళితే దోలా భార్య సపియా రొట్టెల పెనం ముందు నుంచి లేచి నిలబడింది. నన్ను చూస్తే మొహం తిప్పుకునే మనిషి ఇవాళ తిప్పుకోలేదు.

"పెట్టె దొరికిందంటగా. సంతోషమేనా?" అంది.

"అక్కా..."

"ఆ పెట్టె కోసమే నీ మొగుడు నా మొగుణ్ణి తుఫానులో నిలబెట్టాడు. హెచ్చరిక విని కూడా కదల్లేదు. దోలా ఒక్కడే అయితే గాలి వాసన పట్టి ఎప్పుడో ఇంటికొచ్చి పడుకునేవాడు."

"వాళ్ళు బయల్దేరారక్కా. నాతో ఫోన్లో చెప్పాడు."

"ఫోన్లో ఎవడైనా చెప్తాడు."

నాకు ఒళ్ళు మండింది. "ఇంజిను చప్పుడు ఆ పెట్టెలో పడే ఉంటది. ఎన్నింటికి బయల్దేరారో టైముతో సహా నీకు వినిపిస్తా" అన్నాను.

"వినిపించు. ఇంతమంది ముందు అన్నావ్, మాట తప్పకు" అని పెనం మీద రొట్టె తిరగేసింది. అప్పటికే మాడిపోయింది.

జూన్ 11

ఫైలు తెరుచుకోలేదు.

జూన్ 12

తెరుచుకుంది గానీ తెరుచుకోలేదు. శబ్దం వస్తోంది. నీటి ఉష్ణోగ్రత వస్తోంది. టైము దగ్గరికి వచ్చేసరికి, "ఈ డేటా రకానికి మద్దతు లేదు" అని చేతులెత్తేస్తోంది. చదివే ప్రోగ్రాం కొత్తది వేశాను. పాతది వేశాను. వేరేవాళ్ళు రాసినది వేశాను. అందరూ కూడబలుక్కున్నట్టు అదే మాట.

"ఆ టైము వరస వదిలెయ్యమ్మా, మిగతాది చదివేసుకో. అందరం చేసేది అదేగా" అన్నారు క్రియాంగ్ గారు.

నిజమే, నేనూ ఎన్నిసార్లు చేశానో. అర్థం కాని రకం ఎదురైతే దాటేసి పోవడం మా పనిలో తప్పు కాదు. కానీ ఈ పెట్టె నిద్రపోయే పెట్టె. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే బ్యాటరీ మిగుల్చుకోవడానికి పడుకుంటుంది, చప్పుడు వినపడితే లేచి రికార్డు చేస్తుంది. టైము తీసేస్తే మూడు నెలల చప్పుళ్ళన్నీ ఒకదాని తోకకి ఒకటి అతుక్కుపోతాయి. ఏ పడవ ఏ రోజు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. నాకు కావలసింది ఆ ఒక్క వరసే.

పెట్టె అమ్మినవాళ్ళు టైము రాయడానికి శుభ్రమైన పద్ధతి ఇచ్చారు. తవిన్‌కి నచ్చదు. సొంతంగా ఒక రకం కట్టుకున్నాడు. ఎందుకురా బాబూ అని అప్పుడే అడిగాను. "దీవివాళ్ళు వచ్చి తెర మీద చూస్తే వాళ్ళకి అర్థం కావొద్దా?" అంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ కుందేలు ఇప్పుడు నా ఒళ్ళో ఉంది, కాళ్ళు లెక్కపెట్టడానికి తను లేడు.

లేడు అంటే ఇక్కడ లేడు అని.

జూన్ 14

రకం తెలియనప్పుడు రకం అడగడం మానేయాలి. మూట విప్పకుండా తడిమి చూసినట్టు, ఆ వరసలోని ముడి అంకెలను అలాగే బయటికి లాగాను. అంకెల గుట్ట. కానీ ప్రతి చప్పుడు ముందూ మొదటి రెండు అంకెలు ఒకటే: ఏడు, పది. పెట్టె ఎప్పుడు నిద్రలేచినా ఏడు, పది. అక్టోబరు ఏడా? అక్టోబరు ఇంకా రాలేదు. ఏడూ పదికి మోగే అలారమా? రెండువేల ఇరవై నాలుగు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని సాయంత్రం దాకా వెతికాను. కనిపించలేదు.

అత్తగారు ఫోన్ చేశారు. యాభయ్యో రోజు గుడిలో భిక్షువులకి దానం చేయాలట.

"మనిషి దొరక్కుండా ఏం కర్మ చేస్తారత్తయ్యా?"

"దొరికితేనే పోయినట్టా అమ్మా?"

"లంకావి దీవి వైపు చేపల పడవలు కొట్టుకుపోయిన మనుషుల్ని ఎక్కించుకోవడం లేదా? పోయినేడు ఒకతను నెల తర్వాత తిరిగి రాలేదా?"

ఆవిడ ఆ మాట అక్కడితో వదిలేశారు. తర్వాత, "అన్నం తింటున్నావా?" అన్నారు. తింటున్నానని చెప్పాను.

జూన్ 17

నాలాంటి మొద్దు ఈ తీరం పొడవునా ఉండదు.

నూడిల్స్ కొట్టులో కూర్చుని గిన్నె ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నాను. గోడ మీద గ్యాసు కంపెనీవాళ్ళ క్యాలెండరు. దాని నెత్తి మీద ఇంత లావు అంకెలు: 2567.

యంత్రాలు పెద్ద అంకెను రెండు ముక్కలు చేసి దాస్తాయి. చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క వెనక. పదిని రెండువందల యాభై ఆరుతో హెచ్చవేసి ఏడు కలిపితే రెండువేల ఐదువందల అరవై ఏడు. మన సంవత్సరం. బుద్ధుడి సంవత్సరం. నా పెళ్ళి కాగితం మీద, నా గుర్తింపు కార్డు మీద, పాల డబ్బా మీద ఉండే శకం. యంత్రం ముందు కూర్చుంటే మాత్రం నేను తెల్లవాళ్ళ శకంలోకి వెళ్ళిపోతాను. ఇంత చదువూ చదివి, ఇన్ని రోజులూ వేరేవాళ్ళ సంవత్సరం కోసం వెతికాను. ఏ దీవి ముసలాయన్ని అడిగినా తవిన్ ఏ సంవత్సరం రాసి ఉంటాడో చెప్పేవాడు.

నవ్వొచ్చింది. కొట్టు ఆవిడ దగ్గరికి వచ్చి, "ఏమైందమ్మా, కారం ఎక్కువైందా?" అంది. కళ్ళు తుడుచుకుని అవునన్నాను.

జూన్ 18

ఏడాది దొరికితే మిగతా మూట అదే విడిపోయింది. నెల, రోజు, గంట, నిమిషం, అన్నీ వరసగా ఉన్నాయి. దాన్ని మామూలు టైముగా మార్చమంటే ప్రోగ్రాం మళ్ళీ మొరాయించింది. దాని గడియారం రెండువేల రెండొందల చిల్లర దగ్గర ఆగిపోతుందట. అంతకు మించిన సంవత్సరం దాని ఊహకే అందదు. "హద్దు దాటిన తేదీ" అంటోంది.

మందు చిన్నదే. మన శకానికీ తెల్లవాళ్ళ శకానికీ తేడా ఐదువందల నలభై మూడు, దాన్ని తీసివేయాలి. ఒక్క లైను రాస్తే చాలు.

రాయలేదు. యంత్రం లెక్కలో ఆ మే ఇరవై ఒకటి ఇంకా రాలేదు. ఐదువందల నలభై మూడేళ్ళ తర్వాత వస్తుంది. అప్పటిదాకా తవిన్ ఇంట్లోనే ఉన్నాడు, వలలు బాగుచేస్తున్నాడు, నా కత్తి మొద్దుగా ఉందని వెక్కిరిస్తున్నాడు.

జూన్ 19

తీసివేయలేదు.

జూన్ 20

తీసివేయకుండానే చేయవచ్చు. ఎంత దూరపు సంవత్సరాన్నయినా భరించే గడియారం ఇంకొకటి ఉంది. దాన్ని తెచ్చి పెట్టాను. పరుగెత్తింది. ఫిబ్రవరి మధ్య నుంచి మొదలై రోజులు జారిపోతుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. తర్వాత టక్కున ఆగింది. "అటువంటి రోజు లేదు" అంది.

ఫిబ్రవరి ఇరవై తొమ్మిది.

రెండువేల ఐదువందల అరవై ఏడు నాలుగుతో భాగిస్తే పోదు. కాబట్టి ఆ ఏడాదికి ఆ రోజు ఉండదని యంత్రం వాదన. ఎందుకు ఉండదు? ఆ రోజు నేనున్నాను. తవిన్ ఎండకి వీపు మాడ్చుకుని వచ్చాడు. పెరుగు రాస్తుంటే కుయ్యోమొర్రో అన్నాడు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అన్నాను. "నువ్వు నన్ను కొడుతున్నావనుకుంటారు, అంతేగా, అది ఊరందరికీ తెలిసిందే" అన్నాడు. ఆ రోజు లేదని నాకు చెబుతోంది ఇది.

మన సంవత్సరాన్ని అలాగే ఉంచితే ఆ రోజు పోతుంది. ఆ రోజు కావాలంటే సంవత్సరాన్ని తీసివేయాలి. మధ్యే మార్గం కోసం ఇవాళంతా చూశాను.

జూన్ 24

వాన. పని కాలేదు.

రేవులో సపియా గొంతు వినపడింది, ఎవరితోనో అంటోంది: "చదువుకున్నోళ్ళ పెట్టె కదా, చదవడానికి ఏళ్ళు పడుతుంది." నాకు వినపడాలనే అంది.

జూన్ 25

తీసివేశాను.

ఏమీ కాలేదు. ఉరుము ఉరమలేదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది వచ్చింది, వెళ్ళింది. మార్చి వెళ్ళింది. పాటలు పాడే సముద్రపు ఆవులు, రొయ్యల చిటపటలు, దీవికి వెళ్ళే మధ్యాహ్నం లాంచీ. ఆ లాంచీ రోజూ ఒకే వేళకి పోతుంది కాబట్టి దానితో సరిచూశాను. పెట్టె గడియారం తప్పలేదు. ఇంత ఖచ్చితంగా ఉండమని ఎవరు చెప్పారు దానికి?

మే ఇరవై దగ్గర ఆపేశాను. రేపు.

జూన్ 26

విన్నాను.

జూన్ 27

ఆ ఇంజిను వాళ్ళది కాకపోవచ్చు. ఆ పూట సముద్రంలో ఇంకో పడవ ఉండి ఉండవచ్చు.

జూన్ 28

వాళ్ళదే. దోలా ఇంజిను దగ్గు నాకు తెలియనిది కాదు. రోజూ తెల్లవారుజామున మా కిటికీ కింద దగ్గేది.

గడియారం తప్పు చూపిస్తోందేమో. బ్యాటరీ నీరసపడితే టైము వెనకబడుతుంది. ఆ ఒక్క రోజే వెనకబడిందేమో. ఆ ఒక్క గంటే.

జూన్ 29

ఆ రోజు లాంచీ చప్పుడు కూడా పడింది. సరిచూశాను. వెనకబడలేదు.

జూలై 1

రాస్తాను. ఎవరు చూస్తారు గనక.

ఇంజిను వచ్చింది, పెట్టె మీదికొచ్చి ఆగింది. అది హెచ్చరికకి చాలా ముందు. తర్వాత దగ్గరలో గీరుడు, కత్తితో తాడు కోసినట్టు. మధ్యమధ్య ఆగుతూ. మధ్యమధ్య పడవ దేనికో కొట్టుకుంటున్న చప్పుడు, అలలకి అయి ఉంటుంది. నేను ఫోన్ చేసిన వేళకి గీరుడు ఆగింది. "బయల్దేరాం" అన్న మాట పెట్టెకి వినపడదు, అది నీళ్ళ పైన అన్న మాట. ఇప్పుడు ఇంజిను వినపడాలి.

వినపడలేదు. మళ్ళీ గీరుడు వినపడింది.

తవిన్, నాతో అబద్ధం ఆడావు. చిన్న అబద్ధం. నీ అబద్ధాలన్నీ చిన్నవే, పొగ మానేశానని, పన్ను నొప్పి తగ్గిందని. ఇంకొక్కసారి మునిగితే అయిపోతుందనుకున్నావు. నేను కంగారు పడకూడదని అన్నావు. కంగారు పడనిస్తే ఏం పోయేది? నేను అరిచేదాన్ని. నేను అరిస్తే వచ్చేవాడివి.

ఇంజిను మళ్ళీ మొదలైంది గంట తర్వాత. అప్పుడు బయల్దేరారు. ఆలస్యంగా అయినా బయల్దేరారు. దారిలో గాలి అందుకుంది.

సపియా అన్నదే నిజం. నిలబెట్టాడు.

జూలై 3

రేవుకి వేరే దారిలో వెళుతున్నాను. అయినా ఎదురుపడింది.

"ఏమైంది నీ పెట్టె?"

"ఇంకా తెరుచుకోలేదక్కా. దాని రకానికి మద్దతు లేదంట."

నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో. సిగ్గేసింది, కానీ మాట వెనక్కి తీసుకునేంత సిగ్గు వేయలేదు. ఆవిడకి చెబితే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే తవిన్ ఇకమీదట ఒక్కటే, దోలాని చంపినవాడు. తిరిగొచ్చినా అదే పేరు.

జూలై 5

సపియా స్టేషన్‌కి వచ్చింది. ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు. చెప్పులు బయట విడిచి, క్రియాంగ్ గారికి తలవంచి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"వినిపించు" అంది.

"చెప్పానుగా అక్కా, తెరుచుకో..."

"నీ యంత్రాల సంగతి నాకు తెలీదు. నీ మొహం మాత్రం తెరిచే ఉంది. పది రోజుల బట్టీ నువ్వు నన్ను చూసి సందుల్లో దూరుతున్నావ్. ఇదివరకు నేను దూరేదాన్ని."

క్రియాంగ్ గారు ఏదో ఫైలు వెతుక్కుంటున్నట్టు బయటికి వెళ్ళిపోయారు.

ముసుగు మీద నుంచే ఆవిడకి హెడ్‌ఫోన్లు పెట్టాను. రెండో జత నేను పెట్టుకున్నాను. ఇంజిను రాగానే ఆవిడ పెదవి కదిలింది.

"దగ్గుతోంది చూడు. మేస్త్రీకి చూపించమంటే వినేవాడు కాదు. నాకన్నా నీకు బాగా తెలుసా అనేవాడు."

ఇంజిను ఆగింది. కాసేపటికి ఠక్కుమని ఒక చప్పుడు.

"పడవ అలలకి కొట్టుకుంటోంది" అన్నాను.

నాకేసి వింతగా చూసింది. "అల ఎక్కడైనా ఇంత నెమ్మదిగా, ఒక్కసారి కొడుతుందా? అది తెడ్డు. కింద మునిగినోడికి వినపడాలని తెడ్డుతో పడవ అడుగున కొడతారు. ఒక్క దెబ్బంటే నేనిక్కడే ఉన్నా, నీ పని చేసుకో అని. వరసగా మూడు కొడితే పైకి రా అని. మా మావ దగ్గర నేర్చుకున్నాడు దోలా. నీ మొగుడికీ వాడే నేర్పాడు."

గీరుడు మొదలైంది. "అది మీ ఆయన" అంది. చెప్పనవసరం లేదు. ఒక్క దెబ్బ. గీరుడు. ఒక్క దెబ్బ. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టే ఉంది. నేను పది రోజులు విని ఇది అలలనుకున్నాను.

గీరుడు ఆగింది. "ఇక్కడ నేను ఫోన్ చేశానక్కా" అన్నాను. "బయల్దేరాం అన్నాడు."

గీరుడు మళ్ళీ వచ్చింది. వెంటనే మూడు దెబ్బలు.

"పిలుస్తున్నాడు" అంది సపియా.

గీరుడు ఆగలేదు. మళ్ళీ మూడు. గీరుడు. మళ్ళీ మూడు. ఆవిడ పళ్ళు బిగించింది. "రావచ్చుగా మనిషి" అంది, ఇప్పుడు చెబితే వినపడుతుందన్నట్టు. "వాడు పిలుస్తుంటే రావచ్చుగా."

తర్వాత గీరుడు ఆగింది. మూడు దెబ్బలు. కాసేపు ఏమీ లేదు. మూడు దెబ్బలు, ఈసారి గట్టిగా. మూడు. మూడు. ఇక గీరుడు లేదు. నేను హెడ్‌ఫోన్లు తీసేయబోయాను. నా మణికట్టు పట్టుకుంది.

ఇంజిను మొదలైంది.

"ఇక్కడ బయల్దేరారక్కా. ఆలస్యమైంది, నాకు తెలుసు. నువ్వన్నదే నిజం. కానీ ఇక్కడ బయల్దేరారు."

"పోయే పడవ చప్పుడు చిన్నదవుతూ పోవాలి కదా?" అంది. "నీకు తెలీదా?"

తెలుసు. నా ఉద్యోగమే అది. చప్పుడు చిన్నదయింది, పెద్దదయింది, మళ్ళీ చిన్నదయింది, మళ్ళీ పెద్దదయింది. తెర మీద ఆ గీతలు మొదటి రోజే చూశాను. చూసి, బయల్దేరారు అని రాసుకున్నాను.

"చుట్టూ తిరుగుతున్నాడు" అంది సపియా. "వెతుకుతున్నాడు."

ఇంజిను ఆగింది. మూడు దెబ్బలు. మళ్ళీ ఇంజిను, మళ్ళీ చుట్టు, మళ్ళీ ఆపి మూడు దెబ్బలు. గాలి లేచింది, పైన అలలు విరుగుతున్న హోరు మొదలైంది, ఆ హోరులోంచే దెబ్బలు. నేను ఆపెయ్యబోతే, "ఆపకు" అంది. "వాడు ఆపేదాకా ఆపకు."

ఆపలేదు. దోలా చాలాసేపు కొట్టాడు. తర్వాత హోరు ఒక్కటే మిగిలింది. అది కూడా చివరిదాకా విన్నాం.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"వచ్చెయ్యాల్సిందక్కా. నీ కోసం వచ్చెయ్యాల్సింది మీ ఆయన. వచ్చేసేవాడు."

"కింద మనిషుంటే ఎలా వస్తాడు?" అంది. కూరలో ఉప్పు ఎందుకేశావంటే చెప్పినట్టు చెప్పింది. తర్వాత, "నీ మొగుడి మీద నాకు కోపం పోలేదు. పోదు కూడా. అంత పిలిస్తే రావాలి" అంది.

"రావాలి" అన్నాను.

"నిలబెట్టాడనుకున్నా ఇన్నాళ్ళూ. నిలబెట్టలేదు. వాడే నిలబడ్డాడు." బల్ల మీది పెట్టెను తనవైపు తిప్పుకుంది. "ఒకటడుగుతా, నిజం చెప్తావా? నీకు తెలిసిన విద్యే గదా. ఆ చప్పుడు మీ ఆయనకి వినపడిందంటావా? చివర్లో?"

గీరుడు ఆగిపోయాక ఆ నీళ్ళలో ఏం జరిగిందో ఏ పెట్టె చెబుతుంది? వల కాలికి చుట్టుకుందో, చేతికి చుట్టుకుందో, ఎంతసేపటికి అయిపోయిందో నాకు తెలియదు. తెలియదని చెప్పడమే నా విద్య.

"వినపడిందక్కా" అన్నాను. "గాలిలోకన్నా నీళ్ళలో చప్పుడు బాగా పోతుంది. పక్కనున్న పెట్టెకే వినపడిందంటే ఆయనకి వినపడకుండా ఎలా ఉంటది?"

తలాడించింది. లేచి ముసుగు సర్దుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరగకుండానే అంది: "పొద్దున్నే ఖాళీ కడుపుతో తిరుగుతున్నావంట. రేపు కొట్టుకి రా. మాడనివ్వనులే."

జూలై 6

వెళ్ళాను. రెండు రొట్టెలు తిన్నాను. రేవులో అందరూ చూశారు.

జూలై 7

సముద్రం ప్రశాంతంగా ఉంది. మెట్ల మీద కూర్చున్నాను, అంతే.

జూలై 8

రేపు యాభయ్యో రోజు. అత్తగారికి నేనే ఫోన్ చేశాను. గుడిలో చెప్పమన్నాను, భిక్షువుల్ని పిలవమన్నాను.

ఆవిడ భయంభయంగా, "దొరికాడా అమ్మా?" అన్నారు.

"దొరకలేదత్తయ్యా. పోయాడు."

అవతల ఏడుపు వినపడింది. నేను ఫోన్ పెట్టేయకుండా పట్టుకునే కూర్చున్నాను. ఆవిడ ఏడవడం అయ్యాక వంటల సంగతి మాట్లాడుకున్నాం. సపియా అక్క వస్తానంది. గుడి లోపలికి రాదట, బయట వంటపాక దగ్గర కూర్చుంటుందట, దోలా కూడా వచ్చేవాడే కాబట్టి వస్తుందట. అందుకని పంది మాంసం పెట్టొద్దని అత్తగారికి చెప్పాను. కాల్చిన పంది మాంసమంటే తవిన్ ప్రాణం పెట్టేవాడు. అయినా వద్దన్నాను.